కౌంటీకి కొత్త భవనం కట్టాలంటే: అవసరం లెక్క నుంచి బాండ్ల దాకా, టెక్సాస్‌లో వరుసగా చేయాల్సిన పనులు

"బాండ్ కమిటీలో పేరిచ్చాను, తొలి మీటింగ్‌కి ఏం తెలుసుకుని వెళ్లాలి?" "బ్యాలెట్‌లో కౌంటీ భవనం కోసం ప్రపొజిషన్ వచ్చింది, అది సరిగ్గా ప్లాన్ చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?" డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నలివి. బాండ్లంటే కౌంటీ పత్రాలు అమ్మి తెచ్చుకునే అప్పు. ప్రపొజిషన్ అంటే ఆ అప్పుకి ఒప్పుకుంటారా అని బ్యాలెట్‌లో ఓటర్లని అడిగే ప్రశ్న. కౌంటీ ఆఫీసులో పనిచేసేవాళ్లకీ, కమిటీలో కూర్చునేవాళ్లకీ, ఓటు వేసేవాళ్లకీ పనికొచ్చేలా మొత్తం ప్రక్రియని ఇక్కడ వరుసలో పెట్టాను. నియమాలన్నీ టెక్సాస్‌వి. వేరే రాష్ట్రంలో ఉంటే పద్ధతి ఇదే పనికొస్తుంది కానీ చట్టాలు వేరు. ఉదాహరణకి కాలిఫోర్నియాలో కౌంటీ బాండ్లకి మామూలుగా మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

తెలంగాణలో జిల్లాల పునర్విభజన తర్వాత సమీకృత కలెక్టరేట్లు కట్టినప్పుడు నిర్ణయం, డబ్బు రెండూ రాష్ట్ర ప్రభుత్వానివే. ఇక్కడ అలా కాదు. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఉండే కమిషనర్స్ కోర్టు నిర్ణయిస్తుంది. పేరుకి కోర్టే కానీ, అది కౌంటీని నడిపే పాలకమండలి. పెద్ద అప్పయితే మామూలుగా ఓటర్లే ఒప్పుకోవాలి. తీర్చేది వాళ్ల ఆస్తి పన్నే.

నా అభిప్రాయంలో అన్నిటికంటే ముఖ్యమైనది వరుస. అవసరం, వైశాల్యం, స్థలం, ఖర్చు, ఆ తర్వాతే అప్పు. చాలాచోట్ల ముందు ఒక డాలర్ అంకె బయటికొస్తుంది, తర్వాత దానికి సరిపోయే భవనం వెతుకుతారు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

1. ముందు అవసరం తేల్చండి

"ఇరుకుగా ఉంది" అన్న మాట చాలదు. ఏ ఆఫీసుకి, ఏ పనికి, ఏ నెలలో ఇరుకో రాసి ఉండాలి.

జనవరి ఆఖరి వారంలో కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి గంటసేపు కూర్చోండి. ఆస్తి పన్నుకి జనవరి 31 గడువు. పన్ను కట్టేవాళ్లు, కారు రిజిస్ట్రేషన్ కోసం వచ్చినవాళ్లు, టైటిల్ మార్చుకునేవాళ్లు అందరూ అదే హాల్లో ఉంటారు. ఎన్ని కౌంటర్లు ఉన్నాయి, ఎన్ని తెరిచారు, మనిషి చేతిలో ఏ కాగితం పట్టుకుని నిలబడ్డాడు అని చూడండి. సగం కౌంటర్లు మూసి ఉంటే అది సిబ్బంది సమస్య, కొత్త భవనం దాన్ని తీర్చదు. ఎక్కువమంది ఆన్‌లైన్‌లో అయ్యే పనికే వచ్చి ఉంటే మంచి వెబ్‌సైట్ కోట్ల డాలర్లు మిగల్చవచ్చు. కౌంటర్లన్నీ తెరిచి, పనులన్నీ మనిషి రావాల్సినవే అయి, లైను పార్కింగ్ దాకా ఉంటే అప్పుడది చోటు చాలని సమస్య.

ఇదే పరీక్ష ప్రతి విభాగానికీ పెట్టాలి. కౌంటీ క్లర్క్ రికార్డుల గది, ఎన్నికల విభాగం ఓటింగ్ యంత్రాలు పెట్టే గిడ్డంగి, జ్యూరీకి పిలిచినవాళ్లు కూర్చునే హాలు, కోర్టు గదులు, షెరిఫ్ ఆఫీసు, అన్నీ.

ఈ దశలో చేతిలో ఉండాల్సినవి:

☐ విభాగాలవారీగా ఇప్పటి సిబ్బంది సంఖ్య, వచ్చే 10, 20 ఏళ్ల అంచనా
☐ కౌంటీ జనాభా అంచనా, ఎవరు వేశారో ఆ వివరంతో సహా
☐ కోర్టుల్లో కేసుల సంఖ్య, గత కొన్నేళ్ల పెరుగుదల
☐ ఇప్పుడున్న భవనాల పరిస్థితిపై ఇంజినీర్ నివేదిక: పైకప్పు, ఏసీ, విద్యుత్తు, అగ్నిమాపక ఏర్పాట్లు
☐ అద్దెకి తీసుకున్న స్థలాలు, వాటి వార్షిక అద్దె
☐ ఏమీ కట్టకపోతే ఏమవుతుందో ఒక పేజీ

ఆఖరిదాన్ని చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. మరమ్మతు చేయడం, అద్దెకి తీసుకోవడం, పాత భవనాన్ని పెంచడం, కొత్తది కట్టడం అన్న నాలుగు దారులనీ పక్కపక్కన పెట్టి చూపించకపోతే ఓటర్లు అడిగే మొదటి ప్రశ్నకే జవాబుండదు.

2. వైశాల్యం లెక్క కట్టండి

అవసరాన్ని చదరపు అడుగుల్లోకి మార్చే పత్రాన్ని స్పేస్ ప్రోగ్రామ్ అంటారు. గదుల జాబితా, ఒక్కోదాని కొలత, ఏది దేని పక్కన ఉండాలో అందులో ఉంటాయి.

ఇక్కడ రెండు అంకెలు కలిసిపోయి గందరగోళం అవుతుంది. గదుల కొలతలు కూడితే వచ్చేది నికర వైశాల్యం. గోడలు, కారిడార్లు, మెట్లు, లిఫ్టులు, టాయిలెట్లు, యంత్రాల గదులు కలిపితే స్థూల వైశాల్యం. గదులు 60,000 చదరపు అడుగులైతే కట్టాల్సింది 60,000 కాదు. 1.45 గుణకం వేస్తే 87,000. ఖర్చు పడేది ఈ రెండో అంకె మీద.

కోర్టులున్న భవనంలో గుణకం ఇంకా పెరుగుతుంది. జనం నడిచే దారి, జడ్జీలు, సిబ్బంది నడిచే దారి, జైలు నుంచి తెచ్చిన ఖైదీలు నడిచే దారి మూడూ ఎక్కడా కలవకూడదు. సాక్షి లిఫ్టు ఎక్కితే అందులో నిందితుడు ఉండే పరిస్థితి రాకూడదు కదా. ఆ మూడు దారులకి మూడు రకాల కారిడార్లు, విడివిడి లిఫ్టులు కావాలి.

911 డిస్పాచ్ కేంద్రాన్ని కూడా అదే భవనంలో పెట్టాలంటే బాగా ఆలోచించండి. అత్యవసర సేవల భవనానికి నిర్మాణ కోడ్ మరింత బలం అడుగుతుంది. ఆ ఖర్చు ఒక్క గదికి కాదు, మొత్తం భవనానికి పడే ప్రమాదం ఉంది. విడిగా చిన్న కట్టడం చాలాసార్లు చవక.

తరచూ జరిగే తప్పు: ప్రతి విభాగాధిపతీ అడిగినంత రాసేయడం. దీనికి విరుగుడు, కమిటీ తరఫున ఒకే కొలతల ప్రమాణం ముందే ఖరారు చేయడం. ఒకే హోదా ఉన్నవాళ్లకి ఒకే కొలత గది. మీటింగ్ హాళ్లు ఉమ్మడి. భవిష్యత్తు కోసం ఒక అంతస్తుని లోపలి పనులు చేయకుండా ఖాళీగా వదిలే పద్ధతి కూడా ఉంది. పెరుగుదల వేగంగా ఉన్న కౌంటీకి అది తెలివైన పని, నిలకడగా ఉన్న కౌంటీకి దండగ.

3. స్థలం

ఉన్న స్థలం ఉచితం అనుకోవద్దు. కూల్చివేత, మట్టి పని, పార్కింగ్ కలిపితే కొన్న స్థలం కంటే ఎక్కువ కావచ్చు. డాలస్ చుట్టూ ఉన్న బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. మట్టి పరీక్ష లేకుండా పునాది అంచనా రాయించుకోకండి.

☐ కౌంటీ సీట్‌లో, అంటే కౌంటీ కేంద్రమైన ఊళ్లో, తప్పనిసరిగా ఉండాల్సిన కోర్టులు, ఆఫీసులు ఏవో కౌంటీ అటార్నీ (కౌంటీ న్యాయవాది) నుంచి రాతపూర్వకంగా తీసుకోండి
☐ మట్టి పరీక్ష, వరద మ్యాప్, పర్యావరణ తనిఖీ
☐ నీరు, మురుగు, విద్యుత్తు లైన్ల సామర్థ్యం
☐ నగర పరిధిలో ఉంటే నగరం అనుమతులు
☐ కారు లేనివాళ్లు ఎలా వస్తారు

పాత కోర్ట్‌హౌస్ ఉన్న కౌంటీలకి ఒక హెచ్చరిక. కోర్ట్‌హౌస్‌గా వాడుతున్న, లేదా ఒకప్పుడు వాడిన భవనాన్ని కూల్చాలన్నా, అమ్మాలన్నా, దాని చారిత్రక రూపం దెబ్బతినే మార్పు చేయాలన్నా టెక్సాస్ హిస్టారికల్ కమిషన్‌కి కనీసం ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. దీన్ని మర్చిపోయి షెడ్యూల్ వేస్తే ఆరు నెలలు అక్కడే పోతాయి. అదే కమిషన్ 1999 నుంచి పాత కోర్ట్‌హౌస్‌ల పునరుద్ధరణకి గ్రాంట్లు ఇస్తోంది, కాబట్టి వాళ్లతో ముందే మాట్లాడటం రెండు విధాలా మంచిది.

4. మొత్తం ఖర్చు రాయండి, నిర్మాణ ఖర్చు ఒక్కటే కాదు

కాంట్రాక్టర్‌కి ఇచ్చేది మొత్తంలో ఒక భాగమే. పట్టికలో ఇవన్నీ ఉండాలి:

☐ స్థలం, కూల్చివేత, రోడ్డు, లైన్లు
☐ నిర్మాణం
☐ ఆర్కిటెక్ట్, ఇంజినీర్లు, సర్వే, పరీక్షలు, తనిఖీలు
☐ ఫర్నిచర్, కంప్యూటర్ నెట్‌వర్క్, భద్రతా స్కానర్లు, కోర్టు ఆడియో పరికరాలు
☐ సామాన్లు తరలించడం, తాత్కాలిక ఆఫీసుల అద్దె
☐ బాండ్ల జారీ ఖర్చులు
☐ కాంటింజెన్సీ (అనుకోని ఖర్చులకి పక్కన పెట్టే సొమ్ము): డిజైన్ దశకి ఒకటి, నిర్మాణానికి ఇంకొకటి
☐ ధరల పెరుగుదల

ధరల పెరుగుదల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈరోజు ధరల్లో నిర్మాణం 3 కోట్ల డాలర్లు అనుకుందాం. బాండ్ల ఓటింగ్, డిజైన్ అయ్యి నిర్మాణం సగానికి చేరేసరికి రెండున్నరేళ్లు. ఏడాదికి 5 శాతం పెరిగితే అది దాదాపు 3.39 కోట్లు. ఆ 39 లక్షలు పట్టికలో లేకపోతే చివరికి కోత పడేది ఎక్కడో ఊహించండి: కిటికీలు, పైకప్పు నాణ్యత, ఏసీ యంత్రాలు. అంటే ముప్ఫై ఏళ్లు కౌంటీ బాధపడే చోట్లే.

అంచనాని ఆర్కిటెక్ట్ ఒక్కరితోనే వేయించకండి. స్వతంత్ర అంచనాదారు చేత కూడా వేయించి, రెండింటి తేడా ఎక్కడుందో కూర్చుని తేల్చుకోండి. ఫీజు అవుతుంది, కానీ దండగ కాదు.

నడిపే ఖర్చుకి వేరే పట్టిక రాయండి. కరెంటు, శుభ్రత, సెక్యూరిటీ, మరమ్మతులు బాండ్ల సొమ్ముతో కట్టకూడదు. టెక్సాస్ పన్ను రేటులో రెండు భాగాలుంటాయి. అప్పు తీర్చే ఐ అండ్ ఎస్ ఒకటి, రోజువారీ నిర్వహణకి ఎం అండ్ ఓ రెండోది. 2019 చట్టం తర్వాత మధ్యస్థ, పెద్ద కౌంటీలు కొత్త నిర్మాణాల పన్ను పక్కన పెట్టి ఎం అండ్ ఓ ఆదాయాన్ని ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్ల దగ్గరికే వెళ్లాలి. అప్పుకి ఓటర్లు ఒప్పుకున్నా, ఆ తర్వాత గేటు దగ్గర గార్డుల జీతాలకి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

5. డబ్బు దారులు ఎంచుకోండి

దాచిన నిధులు. కౌంటీ రిజర్వ్ ఫండ్ నుంచి కొంత పెడితే అప్పు తగ్గుతుంది. కానీ రిజర్వ్ మరీ తగ్గితే క్రెడిట్ రేటింగ్ దెబ్బతిని వడ్డీ పెరుగుతుంది. డిజైన్ ఫీజు వరకు రిజర్వ్ నుంచి పెట్టడం మంచి మధ్యేమార్గం.

జనరల్ ఆబ్లిగేషన్ బాండ్లు. ఓటర్లు ఆమోదించాలి. ఆస్తి పన్ను హామీ. సాధారణంగా ఇదే అందరికీ తేలిగ్గా అర్థమయ్యే దారి, తక్కువ వడ్డీ వచ్చేదీ ఇదే. పెద్ద భవనమైతే నేను దీన్నే సూచిస్తాను.

సర్టిఫికెట్స్ ఆఫ్ ఆబ్లిగేషన్. ఇవీ అప్పు పత్రాలే, కానీ ఓటింగ్ లేకుండా కమిషనర్స్ కోర్టు జారీ చేయగలదు. అయితే తీర్మానం తేదీకి 45 రోజుల కంటే ముందే తొలి పత్రికా ప్రకటన రావాలి, వరుసగా రెండు వారాలు వేయాలి, వెబ్‌సైట్‌లో పెట్టాలి. 5 శాతం ఓటర్లు సంతకాలతో పిటిషన్ ఇస్తే ఎన్నిక పెట్టక తప్పదు. ఇటీవల ఓటర్లు తిరస్కరించిన పనికి ఈ దారి పట్టడానికి చట్టం అడ్డుకట్ట వేసింది. తుఫానుకి పైకప్పు లేచిపోయినప్పుడు, చిన్న అత్యవసర పనికి ఇది సరైన సాధనం. ఎన్నికని తప్పించుకోవడానికి వాడితే జనానికి నమ్మకం పోతుంది, తర్వాతి బాండు ఓడిపోతుంది.

ట్యాక్స్ నోట్లు. ఇవి తక్కువ కాలపు అప్పు, గరిష్ఠంగా ఏడేళ్లు. ఫర్నిచర్, పరికరాలు, డిజైన్ ఖర్చులకి సరిపోతాయి, భవనానికి సరిపోవు.

చిన్న గ్రామీణ కౌంటీలకి అమెరికా వ్యవసాయ శాఖ కమ్యూనిటీ ఫెసిలిటీస్ రుణం ఉంది. 20,000 జనాభా లోపు ఊళ్లకి, 40 ఏళ్ల వరకు వాయిదాలతో ఇస్తారు.

ఒక గట్టి నియమం: అప్పు కాలం ఆ వస్తువు ఆయుష్షుని మించకూడదు. ఐదేళ్లలో పాతబడే కంప్యూటర్లకి 25 ఏళ్ల బాండు సొమ్ము పెట్టడం అన్యాయం, ఇంకా పుట్టని పిల్లల నెత్తిన వేసినట్టే.

6. పన్ను భారం ఇంటి లెక్కలో చూపించండి

ఊహా లెక్క ఒకటి చూడండి. అప్పు 4 కోట్ల డాలర్లు, వడ్డీ 4 శాతం, 20 ఏళ్ల సమాన వాయిదాలు. ఏటా కట్టేది దాదాపు 29.4 లక్షలు, మొత్తం దాదాపు 5.89 కోట్లు. అదే 30 ఏళ్లకి సాగదీస్తే ఏటా 23.1 లక్షలకి తగ్గుతుంది, మొత్తం మాత్రం 6.94 కోట్లకి చేరుతుంది. పదేళ్లు సాగదీసినందుకు అదనంగా కోటి డాలర్ల పైమాటే.

కౌంటీలో పన్ను వేయదగిన ఆస్తుల విలువ 2,000 కోట్ల డాలర్లయితే, 20 ఏళ్ల అప్పుకి ప్రతి 100 డాలర్ల విలువ మీద సుమారు 1.47 సెంట్లు పడుతుంది. మినహాయింపులు పోను 4 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి దాదాపు 59 డాలర్లు.

మీ కౌంటీ అంకెలు వేసి ఇలాంటి పేజీ ఒకటి తయారు చేయండి. ఆస్తుల విలువ పెరగకపోతే ఎలా ఉంటుందో కూడా అదే పేజీలో చూపించాలి. "పన్ను రేటు పెరగదు" అని చెప్పే చోట మరీ జాగ్రత్త. పాత అప్పు తీరిపోతున్నందువల్ల రేటు పెరగదేమో కానీ, ఈ బాండు లేకపోతే ఆ రేటు తగ్గేది. ఆ రెండో సగం దాచకుండా చెప్పండి.

7. ఎన్నిక క్యాలెండర్

బాండు ఎన్నికలు మే లేదా నవంబరు నిర్ణీత తేదీల్లో వస్తాయి. ఎన్నికకి కనీసం 78 రోజుల ముందే కమిషనర్స్ కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. నవంబరు ఎన్నికంటే ఆగస్టు మధ్యకల్లా. అంటే అంచనాలు వేసవి మొదట్లోనే తేలాలి, కమిటీ చలికాలంలోనే కూర్చోవాలి.

☐ అంచనాలు, స్పేస్ ప్రోగ్రామ్ ఖరారు
☐ బహిరంగ సమావేశాలు: కనీసం ప్రతి ప్రిసింక్ట్‌లో (ఒక్కో కమిషనర్ పరిధిలో) ఒకటి, సాయంత్రాలు
☐ ప్రపొజిషన్ వాక్యం బాండ్ కౌన్సెల్ (బాండ్ల చట్టం చూసే లాయర్) చేత రాయించడం
☐ ఓటర్ సమాచార పత్రం: అసలు, వడ్డీ, ఇప్పటికే ఉన్న అప్పు, లక్ష డాలర్ల ఇంటిపై గరిష్ఠ వార్షిక భారం అంచనా

పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. కౌంటీ డబ్బుతో, కౌంటీ ఈమెయిల్‌తో, పని వేళల్లో "ఓటు వేయండి" అని ప్రచారం చేయడం టెక్సాస్ ఎన్నికల చట్టం ప్రకారం నేరం. వాస్తవాలు చెప్పవచ్చు, అవుననో కాదనో ఓటెయ్యమనకూడదు. మీరు సిబ్బంది అయితే మీ గుడి వాట్సాప్ గ్రూపులో ఆఫీసు ఫోన్ నుంచి ఒక్క మాట కూడా పెట్టకండి. సాయంత్రం మీ సొంత ఫోన్ నుంచి, సొంత హోదాలో పెట్టుకోండి.

మన ఇళ్లలో పెద్దవాళ్లు, కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లు బ్యాలెట్ చివరి దాకా వెళ్లరు. ప్రపొజిషన్లు అడుగునే ఉంటాయి. అవునో కాదో వాళ్లిష్టం, కానీ అక్కడి దాకా వెళ్లమని చెప్పండి.

8. బాండ్లు అమ్మడం

ఓటర్లు ఒప్పుకోగానే మొత్తం ఒకేసారి అమ్మనక్కర్లేదు. పన్ను మినహాయింపు ఉన్న బాండ్లయితే, అంటే కొన్నవాళ్లకి వచ్చే వడ్డీ మీద ఫెడరల్ ఆదాయ పన్ను పడని రకమైతే, కనీసం 85 శాతం మూడేళ్లలో ఖర్చు చేయగలమన్న సహేతుకమైన అంచనా ఉండాలి. డిజైనే మొదలుకాని భవనానికి ఈరోజే మొత్తం అప్పు తేవడం వడ్డీ దండగ. పని వేగానికి తగ్గట్టు విడతలుగా అమ్మండి.

బాండ్లకి ముందే సొంత సొమ్ము ఖర్చు పెట్టి, తర్వాత బాండ్ల నుంచి తిరిగి తీసుకోవాలంటే రీయింబర్స్‌మెంట్ తీర్మానం కావాలి. ఆ ఖర్చు చేసిన 60 రోజుల్లోపు చేయాలి. ఆర్కిటెక్ట్‌కి మొదటి చెక్కు ఇచ్చే రోజే తీర్మానం చేసేయండి, టెన్షన్ ఉండదు.

బృందంలో ముగ్గురు ముఖ్యులు. మునిసిపల్ అడ్వైజర్ కౌంటీ పక్షాన సలహా ఇస్తారు. బాండ్ కౌన్సెల్ చట్టం చూస్తారు. అండర్‌రైటర్ బాండ్లు కొని మార్కెట్లో అమ్ముతారు. సలహాదారే అదే జారీకి అండర్‌రైటర్‌గా మారడాన్ని నియంత్రణ సంస్థ ఎంఎస్ఆర్‌బీ నిషేధించింది. అండర్‌రైటర్ ఎంత మంచిగా మాట్లాడినా ఆయన కౌంటీ సలహాదారు కాదని గుర్తుంచుకోండి. రేటింగ్ బాగుండి, జారీ సాదాసీదాగా ఉంటే బహిరంగ వేలం పెట్టండి.

జారీకి ముందు టెక్సాస్ అటార్నీ జనరల్ ఆమోదం, ఆ తర్వాత రాష్ట్ర ఖాతాలు చూసే కంప్ట్రోలర్ దగ్గర నమోదు తప్పనిసరి. బాండ్లు బతికి ఉన్నంతకాలం ఏటా ఆర్థిక వివరాలు ఎమ్మా (EMMA) అనే ఎంఎస్ఆర్‌బీ వెబ్‌సైట్‌లో పెడుతూ ఉండాలి. ఆ తేదీలు ఎవరి బాధ్యతో పదవి పేరుతో రాసిపెట్టండి. మనుషులు మారిపోతారు.

ఇంకొకటి: భవనంలో ప్రైవేటు వ్యాపారానికి అద్దెకిచ్చే భాగం 10 శాతం దాటితే పన్ను మినహాయింపుకే ముప్పు. కింద అంతస్తు అంతా అద్దెకిద్దాం అని ఎవరైనా అంటే ముందు బాండ్ కౌన్సెల్‌ని అడగండి.

9. ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్

ఆర్కిటెక్ట్‌ని తక్కువ ఫీజు చూసి ఎంచుకోకూడదు, టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. ముందు అర్హతల మీద ఎంపిక, తర్వాత ఫీజు బేరం. కుదరకపోతే రెండోవాళ్ల దగ్గరికి వెళ్లాలి.

నిర్మాణానికి పోటీ ప్రతిపాదనల పద్ధతి ఉంది. లేదా కన్‌స్ట్రక్షన్ మేనేజర్ ఎట్ రిస్క్, అంటే డిజైన్ దశలోనే కాంట్రాక్టర్ వచ్చి గరిష్ఠ ధరకి హామీ ఇచ్చే పద్ధతి. పాత భవనం నడుస్తుండగా పక్కనే కట్టాలంటే రెండోది మేలు. ఖాళీ స్థలంలో మామూలు ఆఫీసు భవనానికి మొదటిది చాలు.

☐ లక్ష డాలర్లు దాటిన కాంట్రాక్టుకి పెర్ఫార్మెన్స్ బాండ్ (ఇది అప్పు కాదు, పని పూర్తి చేస్తామని కాంట్రాక్టర్ ఇచ్చే హామీ పత్రం)
☐ కౌంటీ పనుల్లో 25,000 డాలర్లు దాటితే పేమెంట్ బాండ్ (సబ్‌కాంట్రాక్టర్లకి, సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు అందుతుందన్న హామీ)
☐ దివ్యాంగుల సౌకర్యాల తనిఖీకి టీడీఎల్ఆర్ (రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ) దగ్గర ప్రాజెక్టు నమోదు
☐ చేంజ్ ఆర్డర్‌పై (కాంట్రాక్టు కుదిరాక పనిలో, ధరలో చేసే మార్పుపై) ఎంత వరకు ఎవరు సంతకం చేయవచ్చో ముందే తీర్మానం

డిజైన్ మూడో వంతు అయ్యాక, మూడింట రెండొంతులు అయ్యాక, పూర్తయ్యాక, మూడుసార్లూ అంచనా తిరిగి వేయించండి. బడ్జెట్ దాటితే అక్కడే ఆపి కత్తిరించాలి. "టెండర్లలో తగ్గుతుందిలే" అన్న ఆశతో ముందుకెళ్లకండి.

10. కట్టేటప్పుడు, తాళాలు తీసుకునేటప్పుడు

నెలకొకసారి కమిషనర్స్ కోర్టుకి ఒక పేజీ నివేదిక చాలు: బడ్జెట్, ఖర్చు, మిగిలిన కాంటింజెన్సీ, పని శాతం, ఆలస్యాలు. నిర్మాణం సగానికి రాకముందే కాంటింజెన్సీ సగానికి పైగా అయిపోయి ఉంటే అదే నెలలో కారణం అడగండి.

ఏసీ, జనరేటర్, ఫైర్ అలారం, తలుపుల భద్రతా తాళాలు అన్నీ నడిపి చూశాకే తరలింపు. ఎన్నికల నెలలో ఎన్నికల విభాగాన్నీ, జనవరిలో ట్యాక్స్ ఆఫీసునీ కదపకండి.

వారంటీ సాధారణంగా ఏడాది. పదకొండో నెలలో ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్, భవనం చూసుకునే మెయింటెనెన్స్ మనిషి ముగ్గురూ కలిసి ప్రతి గదీ తిరగాలి. ఏ తలుపు పట్టేస్తోందో, ఏ గదిలో చల్లదనం రావట్లేదో ఎక్కువ తెలిసేది ఆ మెయింటెనెన్స్ మనిషికే, కాబట్టి జాబితా ఆయన చేతే రాయించండి.

పనంతా అయ్యాక బాండ్ల సొమ్ము మిగిలితే దాన్ని వేరే అవసరానికి మళ్లించకూడదు. ప్రపొజిషన్‌లో రాసిన పనికి వాడాలి, లేదా అప్పు తీర్చడానికి వాడాలి. ఆ లెక్క ఖాతా మూసే రోజే కమిషనర్స్ కోర్టు మినిట్స్‌లోకి ఎక్కించండి.